దర్గాకు వెళ్లి మొక్కడం కూడా విగ్రహారాధనేనా? పక్కింట్లో గొడవ, తెలిసినవాళ్లు చెప్పండి

రాయగడ_రమణి
మాది రాయగడ. మా గోడకు ఆనుకునే ఒక ముస్లిం కుటుంబం ఉంటుంది. వాళ్ల ఇంట్లో పెద్దావిడను వీధి వీధంతా నానీ అనే పిలుస్తుంది. నేను పెళ్లయి వచ్చిన కొత్తలో నాకు ఒడియా ముక్క రాదు. కూరల బండి దగ్గర బేరమాడటం నుంచి చంటిపిల్లాడికి నూనె రాయడం దాకా ఆవిడే నేర్పింది. ప్రతి గురువారం సాయంత్రం ఊరి చివరున్న చిన్న దర్గాకు వెళ్తుంది. నేనూ చాలాసార్లు వెంట వెళ్లాను. మా బాబు పాలు పట్టక మూడు రాత్రులు ఏడిస్తే అక్కడే వాడి చేతికి దారం కట్టించింది.

ఇప్పుడు మనవడు చదువు ముగించుకుని ఇంటికొచ్చాడు. నా చేతుల్లో పెరిగిన పిల్లాడు, బంగారంలాంటివాడు. వాడు నానీతో "దర్గాలో కోరికలు కోరడం షిర్క్, అల్లా క్షమించని పాపం" అన్నాడట. ఆవిడ మూడు వారాలుగా దర్గాకు వెళ్లడం లేదు. వాడితో మాట్లాడటమూ మానేసింది. గురువారం సాయంత్రమైతే గుమ్మంలో కూర్చుని వీధి చివరికి చూస్తూ ఉంటుంది.

మొన్న మజ్జిగౌరమ్మ గుడి నుంచి ప్రసాదం తెచ్చి ఇస్తే వాడు చేతులు వెనక్కి పెట్టుకుని "వద్దు పిన్నీ" అన్నాడు. కోపంగా ఏం అనలేదు, తల దించుకునే అన్నాడు. అయినా నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇస్లాంలో విగ్రహారాధన అంటే అసలేంటి? బొమ్మ మాత్రమేనా, సమాధి కూడానా? మరి కాబా వైపు తిరిగి మొక్కడం, అక్కడున్న నల్లరాయిని ముద్దుపెట్టుకోవడం ఏంటి? వాదన కోసం అడగట్లేదు. ఆ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఉన్నది పాడవకూడదని అడుగుతున్నాను.

బరంపురం_బాబ్జీ
కాబా సంగతి నాకూ చిన్నప్పట్నుంచి ఉన్న డౌటే. మా వీధిలో సాయిబు గారిని అడుగుదామంటే ఏమనుకుంటారోనని భయం. తెలిసినవాళ్లు ఎవరైనా విడమరిచి చెబితే బాగుణ్ను.

ధర్మాబాద్_మిర్చి
చదువుకున్న పిల్లలు ఇంటికొస్తే అన్ని ఇళ్లలో ఇదే గొడవ అక్కా. మా తమ్ముడు హైదరాబాద్ నుంచి వచ్చి, మా అమ్మ దిష్టి తీసిన మిరపకాయలు చూసి గంట క్లాసు పీకాడు. మిరపకాయల ఊర్లో పుట్టి మిరపకాయల మీద క్లాసు! సరే, నానీ విషయానికొస్తే, ఆవిణ్ని ముందు భోజనం సరిగ్గా చేస్తోందో లేదో చూడండి. పెద్దవాళ్లు ఇలాంటప్పుడే చిక్కిపోతారు.

నూర్_దేగ్లూర్
రమణి గారూ, నేను దేగ్లూర్‌లో పిల్లలకు చదువు చెబుతాను. మా ఇంట్లో తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ నడుస్తాయి. నాకు తెలిసినంత చెబుతాను, కాస్త పెద్దదవుతుంది.

షిర్క్ అంటే భాగం కల్పించడం, వాటా పెట్టడం. దేవుడికి మాత్రమే చెందినదాన్ని ఇంకొకరికి పంచడం. అక్కడ రాయి ఉందా, చెట్టు ఉందా, మనిషి ఉన్నాడా అన్నది తర్వాతి మాట. ఇది అర్థం కావాలంటే ప్రవక్త కాలంలో విగ్రహాలు కొలిచిన మక్కా వాళ్ల సంగతి తెలియాలి. వాళ్లు అల్లాను ఎరగనివాళ్లు కారు. "ఆకాశాలను, భూమిని సృష్టించింది ఎవరని అడిగితే అల్లాయే అంటారు" అని ఖురాన్ వాళ్ల గురించే చెబుతుంది (29:61). మరి లాత్, ఉజ్జా, మనాత్ అనే దేవతలను ఎందుకు కొలిచారు? దానికి వాళ్లు చెప్పుకున్న కారణం 39వ సూరా (అధ్యాయం) మూడో ఆయత్‌లో (వాక్యంలో) ఉంది: "మమ్మల్ని అల్లాకు దగ్గర చేస్తాయనే వీటిని కొలుస్తున్నాం." అంటే గొడవ దేవుడు ఉన్నాడా లేడా అని కాదు. ఆయనకూ నీకూ మధ్యలో ఇంకొకరిని నిలబెట్టాలా వద్దా అని. "మెడనరం కంటే మేమే అతనికి దగ్గర" అని అదే ఖురాన్ అంటుంది (50:16). అంత దగ్గరున్నవాడి దగ్గరికి మధ్యవర్తి దేనికి? ఇస్లాంలో భక్తికి ఆయువుపట్టు ఇదే.

ఇక కాబా. అది దిక్కు, అంతే. ప్రవక్త మదీనాకు వెళ్లిన కొత్తలో పదహారు, పదిహేడు నెలలు జెరూసలేం వైపు తిరిగి నమాజు చేశారు. క్రీ.శ. 624లో దిక్కు కాబాకు మారింది. కాబానే దేవుడైతే ఆ నెలలన్నీ ఎవరికి మొక్కినట్టు? 630లో మక్కా చేతికొచ్చినప్పుడు కాబా చుట్టూ ఉన్న 360 విగ్రహాలను తీసేయించారు. ఆ రోజే బిలాల్‌ను, ఒకప్పటి నల్లజాతి బానిసను, కాబా పైకి ఎక్కించి అజాన్ ఇప్పించారు. మనం కొలిచే విగ్రహం నెత్తిన కాలు పెట్టి ఎవరైనా నిలబడతారా చెప్పండి.

నల్లరాయి దగ్గర ఖలీఫా ఉమర్ అన్న మాట బుఖారీ హదీసుల్లో (ప్రవక్త, ఆయన అనుచరుల మాటలు, పనుల సంకలనంలో) ఉంది: "నువ్వు రాయివని నాకు తెలుసు. మేలూ చేయలేవు, కీడూ చేయలేవు. ప్రవక్త నిన్ను ముద్దుపెట్టుకోవడం చూడకపోతే నేను ముద్దుపెట్టుకునేవాణ్ని కాను." 930లో కర్మతీలు అనే తిరుగుబాటు వర్గం వాళ్లు ఆ రాయిని ఎత్తుకెళ్లారు. ఇరవై ఏళ్లకు పైగా అది కాబాలో లేదు. అయినా ఆ దిక్కుకు నమాజు ఒక్క పూట ఆగలేదు.

బరంపురం_బాబ్జీ
బిలాల్ కాబా ఎక్కాడన్నది ఇప్పుడే వింటున్నా. ఆ ఒక్క మాటతో నా డౌటు తీరిపోయింది.

బల్లార్షా_బషీర్
నూర్ ఆపా బాగా చెప్పారు, కానీ దర్గా ఊసు ఎత్తకుండా దాటేశారు. నేను సూటిగా చెబుతా. ఆ కుర్రాడు అన్నది తప్పు కాదు. సమాధిలో ఉన్నాయన ఎంత పెద్ద వలీ (పుణ్యపురుషుడు) అయినా చనిపోయినవాడే. ఆయన కోసం మనం దువా (ప్రార్థన) చేయాలి గానీ ఆయన్ని కొడుకునిమ్మని అడగకూడదు. ప్రవక్త చనిపోయిన రోజు, 632లో, జనం నమ్మలేకపోతుంటే ఆయన ఆప్తమిత్రుడు అబూబకర్ లేచి ఏమన్నారు? "ముహమ్మద్‌ను ఆరాధించినవాళ్లు ఉంటే, ఆయన చనిపోయారు. అల్లాను ఆరాధించేవాళ్లకు, అల్లా సజీవుడు, ఆయనకు చావు లేదు." ప్రాణం కన్నా ఎక్కువగా ప్రేమించిన మనిషి గురించి, ఆయన దేహం ఇంకా ఇంట్లోనే ఉండగా, ఆ మాట అన్నాడాయన. నాకు ఇప్పటికీ చదివితే ఒళ్లు జలదరిస్తుంది.

ఇంకోటి. చనిపోయినవాళ్ల కోసం చేసే జనాజా నమాజు ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? అందులో రుకూ లేదు, సజ్దా లేదు. వంగడం గానీ నేల మీద నుదురు పెట్టడం గానీ ఉండదు, నిలబడే చేస్తాం. ఎదురుగా శవం ఉంటుంది కదా, దానికి తల వంచినట్టు ఎవరికీ అనిపించకూడదని పెద్దలు చెప్పేవాళ్లు. మా నాన్న జనాజాలో నా కాళ్లు వాటంతట అవే వంగిపోయాయి. పక్కనున్న చిన్నాన్న మోచేయి పట్టుకుని నిలబెట్టాడు. అంత దుఃఖంలో కూడా గీత గీతే.

సిరొంచ_శీను
మరి పీర్ల పండుగ సంగతేంది బషీర్ భాయ్? మాది పద్మశాలి ఇల్లు. మా తాత బతికున్నన్నాళ్లు పీరు ఎత్తింది ఆయనే. పండుగకు ముందు పెట్టెలోంచి తీసిన ఇత్తడి పంజాను మా నాయనమ్మ చింతపండు, బూడిద కలిపి తోమేది. అయిదు వేళ్ల మధ్యలో నల్లగా పేరుకున్న మడ్డిని చిన్న పుల్లతో గీకి గీకి తీసేది. అది మెరుస్తుంటే నా మొహం అందులో వంకరగా కనబడేది. తర్వాత దట్టీలు కట్టి, ఊదు వేసి, గుండం ముందు నిలబెట్టేవాళ్లు. మలీద ముద్దలు నాకు ఇంకా నోట్లో రుచి తగుల్తయి. పదో రోజు ప్రాణహిత ఒడ్డున కడిగి, దట్టీలు విప్పి, మళ్లీ పెట్టెలో పెట్టి తాళం వేసేవాళ్లు. తాత ఆ సాయంత్రం అన్నం తినేవాడు కాదు.

ఇది షిర్క్ అంటే మా తాత చేసింది పాపమా? ఆయన ముస్లిం కూడా కాదు. కోపంతో అడుగుతలేను. నిజంగనే అడుగుతున్న.

బల్లార్షా_బషీర్
శీనన్నా, మీ తాత మనసుకు తీర్పు చెప్పే హక్కు నాకు లేదు. ఆ పంజా కర్బలాలో 680లో చంపబడిన ప్రవక్త మనవడు హుసేన్ గారి జెండాకు గుర్తు. గుర్తుగా తలచుకుని ఏడవడం వేరు, "పీరా, నా పంట కాపాడు" అనడం వేరు. రెండోది మా ధర్మం ఒప్పుకోదు. మీ తాత ఆ పూట అన్నం తినలేదన్నారు చూడండి, అది హుసేన్ కోసం పడిన దుఃఖం. అందులో తప్పేం కనబడటం లేదు నాకు.

సిరొంచ_శీను
ఈ మాట చాలు భాయ్.

పర్లాకిమిడి_మాస్టారు
నేను రిటైరయిన బడిపంతుల్ని. హిందువుల వైపు నుంచి ఒక మాట చెప్పకపోతే చర్చ ఒంటికాలి మీద నడుస్తుంది.

మేం మట్టిని పూజించడం లేదు. వినాయక చవితికి బొమ్మ తెచ్చి ముందు ఆవాహన చేస్తాం, ప్రాణప్రతిష్ఠ చేస్తాం. చివర ఉద్వాసన చెప్పాక అది మళ్లీ మట్టే, తీసుకెళ్లి నీళ్లలో కలిపేస్తాం. పూరీలో అయితే సాక్షాత్తు జగన్నాథుడి దారువిగ్రహాన్నే నవకళేబరంలో మారుస్తారు. 1996లో జరిగింది, మళ్లీ 2015లో జరిగింది. పాత విగ్రహాన్ని కోయిలి వైకుంఠంలో భూమిలో పెడతారు. కొయ్యే దేవుడైతే దేవుణ్ని పాతిపెడతామా? రూపం మనసు నిలవడానికి ఒక ఆసరా. నిరాకారుణ్ని అందరూ ధ్యానించలేరు.

వెయ్యేళ్ల కిందట మన దేశం గురించి రాసిన అల్‌బిరూనీ కూడా ఇది గమనించాడు. చదువుకున్న హిందువులు ఒక్క దేవుణ్నే నమ్ముతారని, విగ్రహాలు సామాన్య జనం కోసం నిలబెట్టినవని రాశాడు. ఆయన ముస్లిం పండితుడే.

నూర్_దేగ్లూర్
మాస్టారూ, మీరు చెప్పింది శ్రద్ధగా చదివాను. కొయ్యే దేవుడని మీరు అనుకోవడం లేదని ఒప్పుకుంటాను. మావాళ్లలో చాలామంది ఇది తెలియకుండానే మాట్లాడతారు, అది మా తప్పు.

కానీ తేడా లేదని మాత్రం అనలేను. మనసు నిలవడానికే అయినా ఆరాధనలో రూపం వద్దనడమే ఇస్లాం పట్టుదల. దాని బదులు మాకు ఇచ్చింది ఒక మాట. జిబ్రీల్ దూత వచ్చి ఇహ్సాన్ (చక్కగా ఆరాధించడం) అంటే ఏమిటని అడిగితే ప్రవక్త అన్నారు: "అల్లాను చూస్తున్నట్టుగా ఆరాధించు. నువ్వు ఆయన్ని చూడలేకపోయినా ఆయన నిన్ను చూస్తున్నాడు." మీకు రూపం ఆసరా. మాకు ఆ చూపు ఆసరా. రోజుకు పదిహేడు ఫర్జ్ (తప్పనిసరి) రకాతులు, అంటే నమాజు ఆవృత్తులు, ఒక్కోదానిలో రెండు సజ్దాలు, మొత్తం ముప్పై నాలుగు సార్లు నుదురు నేలను తాకుతుంది. ఎదురుగా ఉత్త గోడ. మొదట్లో మనసు నిలవదు, నిజమే. పాలవాడి లెక్కలు, పిల్లల ఫీజులు అన్నీ ఆ గోడ మీదే కనబడతాయి. ఏళ్లు పడుతుంది.

పర్లాకిమిడి_మాస్టారు
ఉత్త గోడ ముందు ఏళ్ల తరబడి నిలబడటం... అది తపస్సే తల్లీ. తేడా తేడాగానే ఉండనీ. అర్థమైంది.

నిజం_మాట్లాడతా
ఈ తీపి కబుర్లు ఎందుకు? మీరు మా దేవుళ్లను బొమ్మలంటారు, మేం మీ (ఈ పోస్టులో మిగతా భాగం తొలగించాం. దూషణలు వద్దు. — నిర్వాహకుడు)

నూర్_దేగ్లూర్
తొలగించకముందే చదివాను. మీ మీద కోపం లేదు. ఒక్క ఆయత్ చెబుతాను, 6:108: "అల్లాను కాదని వాళ్లు మొరపెట్టుకునే వాటిని మీరు దూషించకండి." విగ్రహారాధనను అంత గట్టిగా వద్దన్న గ్రంథమే ఇతరుల దేవుళ్లను తిట్టడాన్ని కూడా వద్దంది. మా వాళ్లెవరైనా మీ దేవుణ్ని తిట్టి ఉంటే వాళ్లు ఈ ఆయత్‌ను దాటారు. వాళ్ల తరఫున నేను క్షమాపణ అడుగుతున్నాను.

జయపురం_జ్యోతి
మా నాన్నకు లారీ ఉండేది. డ్రైవర్‌ను మేం షేక్ మావయ్య అనేవాళ్లం. ఒకసారి ఘాట్ రోడ్డు మీద వాన పట్టుకుని, తడిసి ముద్దయి మా ఇంటికొచ్చాడు. సరిగ్గా దీపాలు పెట్టే వేళ. నమాజు చేసుకుంటానంటే మా బామ్మ పడమటి గోడ ఎటని చూసింది. ఆ గోడకే లక్ష్మీదేవి క్యాలెండరు. ఆవిడ ఏమీ మాట్లాడకుండా మేకు మీంచి క్యాలెండరు తీసి, కళ్లకద్దుకుని, దేవుడి గదిలో పెట్టొచ్చింది. ఆయన "అయ్యో, తీయకండమ్మా, నేను వరండాలోకి జరుగుతాను" అంటూనే ఉన్నాడు. బామ్మ ఇస్త్రీ చేసిన పంచె ఒకటి తెచ్చి నేల మీద పరిచింది. ఇటు ఆయన నమాజు, అటు బామ్మ దీపం. ఎవరి గీత వాళ్లదే, ఎవరూ దాటలేదు. రమణి గారి పోస్టు చదవగానే ఇదే గుర్తొచ్చింది.

ధర్మాబాద్_మిర్చి
జ్యోతక్కా, ఇస్త్రీ పంచె దగ్గర ఆగిపోయాను. మా ఇంట్లో ఇస్త్రీ పంచె పెళ్లికి తప్ప బయటికి రాదు.

బరంపురం_బాబ్జీ
మా ఒడిశాలో సాలబేగ ఉన్నాడు కదా. పదిహేడో శతాబ్దం, తండ్రి మొగలుల సైన్యంలో సేనాని. జగన్నాథుడి మీద ఆయన పాడిన భజనలు ఇప్పటికీ ఇంటింటా వినిపిస్తాయి. రథయాత్రలో పూరీ పెద్ద వీధి బొడొ దాండొ మీద ఆయన సమాధి దగ్గర రథం కాసేపు ఆగుతుంది. దీన్ని ఇస్లాం ఏమంటుంది?

బల్లార్షా_బషీర్
నిజాయితీగా చెప్పాలంటే, మా ధర్మం ప్రకారం అది గీత దాటడమే. ఆయన ప్రేమ గొప్పది కాదని నేను అనను. ఆ ప్రేమకు మీరు రథం ఆపడం చూస్తే ముచ్చటేస్తుంది. కానీ గీత ఎక్కడుందని అడిగారు గనుక చెప్పాలి.

ఇంకొకటి. షిర్క్ అనగానే మావాళ్లు వెంటనే పక్కింటి గుడి వైపు వేలు చూపిస్తారు. ఖురాన్ ఏమంటుందో చూడండి: "తన మనసు కోరికనే దేవుడిగా చేసుకున్నవాణ్ని చూశావా?" (25:43). నలుగురు చూడాలని చేసే నమాజును ప్రవక్త చిన్న షిర్క్ అన్నారు. నా సంగతే చెబుతా. గనుల్లో కాంట్రాక్టు పని పోయినప్పుడు ఉద్యోగం మళ్లీ వస్తుందని ఒక బాబా దగ్గర నలభై వేలు పోసి తావీజు కట్టించుకున్నాను. నా భార్య గాజులు తాకట్టు పెట్టాను. ఆరు నెలలు ఆ తావీజు తడవకూడదని చెయ్యి పైకెత్తి స్నానం చేశాను. ఒక రోజు నమాజులో సజ్దా చేస్తూ కూడా ఆ చెయ్యినే చూసుకుంటున్నానని తెలిసింది. నుదురు నేల మీద, మనసు తావీజు మీద. ఆ రోజే విప్పేశాను. విగ్రహం గుడిలోనే ఉండక్కర్లేదు.

రాయగడ_రమణి
బషీర్ గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మీ ఆవిడ గాజులు విడిపించారా?

బల్లార్షా_బషీర్
విడిపించానమ్మా. రెండేళ్లు పట్టింది.

గోదారి_గట్టు
అందరూ దర్గాను తప్పు అంటున్నారు, నేను ఒప్పుకోను. మా ఇంట్లో తరతరాలుగా దర్గాను నమ్ముతాం, మేమూ ముస్లింలమే, మాకూ ఆలిములు (మతపండితులు) ఉన్నారు. "అల్లాకు చేరువయ్యే వసీలా (మార్గం) వెతకండి" అని ఖురానే అంటుంది (5:35). కరువొచ్చినప్పుడు ఖలీఫా ఉమర్ ప్రవక్త చిన్నాన్న అబ్బాస్‌ను ముందుంచి వాన కోసం దువా చేశారు, అదీ బుఖారీలోనే ఉంది. మేం వలీని దేవుడనం. అల్లాకు ఇష్టుడైన మనిషి పేరు చెప్పి అల్లానే అడుగుతాం. దాన్ని మక్కా విగ్రహాలతో కలపడం అన్యాయం.

బల్లార్షా_బషీర్
అబ్బాస్ అప్పుడు బతికున్నారు భాయ్. బతికున్న మంచి మనిషిని "మాకోసం దువా చేయి" అనడాన్ని ఎవరూ కాదనరు. ప్రవక్త సమాధి అక్కడే మదీనాలో ఉంది, అయినా ఉమర్ సమాధి దగ్గరికి వెళ్లలేదు, అబ్బాస్ దగ్గరికి వెళ్లారు. దాన్నిబట్టే మేం అర్థం చేసుకుంటాం.

గోదారి_గట్టు
వలీలు కూడా తమ ప్రభువు దగ్గర సజీవులేనని మేం నమ్ముతాం. ఇది ఇవాళ తేలదు. కానీ నానీ లాంటివాళ్లను ముష్రిక్ (షిర్క్ చేసేవాళ్లు) అనేముందు ఆవిడ ఏమని అడుగుతోందో ఎవరైనా విన్నారా?

నూర్_దేగ్లూర్
ఇదే అసలు మాట. రమణి గారూ, నానీ దర్గాలో ఏమని దువా చేస్తుందో ఎప్పుడైనా విన్నారా?

రాయగడ_రమణి
చాలాసార్లు విన్నాను. గుమ్మం బయట చెప్పులు విప్పి ముందు సలాం చెబుతుంది. తర్వాత రెండు చేతులు దోసిలిపట్టి "యా అల్లా, బాబా సద్కాలో (బాబా పేరున) పిల్లల్ని చల్లగా చూడు" అంటుంది. మా బాబు పేరు కూడా చెబుతుంది. సమాధికి నుదురు ఆనించడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు. ఒకసారి నేను వంగబోతే చెయ్యి పట్టి ఆపింది కూడా. "ఇక్కడ కాదే, పైనున్నాయనకు" అంది. అప్పుడు నాకు అర్థం కాలేదు.

గోదారి_గట్టు
చూశారా! ఆవిడ అడుగుతున్నది అల్లానే.

బల్లార్షా_బషీర్
"యా అల్లా" అంటోంది. నేను ఆ "సద్కా" మాట కూడా వాడను. కానీ ఆవిణ్ని ముష్రిక్ అని నా నోటితో అనను. అనకూడదు.

నూర్_దేగ్లూర్
రమణి గారూ, ఆ అబ్బాయికి ఈ మూడు మాటలు చేరవేయగలరా?

"క్షమించని పాపం" అన్నాడు కదా. 4:48లో ఆ మాట ఉంది, నిజమే. పశ్చాత్తాపపడకుండా ఆ స్థితిలోనే పోయినవాళ్ల గురించి అది అని పండితులు వివరించారు. 39:53లో "అల్లా కారుణ్యం పట్ల నిరాశ చెందకండి, ఆయన పాపాలన్నీ క్షమిస్తాడు" అని ఉంది. ముసలావిడకు మొదటిది వినిపించి రెండోది దాచడం ఏం న్యాయం?

ఖురాన్‌లో లుఖ్మాన్ అనే జ్ఞాని తన కొడుక్కి "షిర్క్ ఘోరమైన అన్యాయం" అని చెప్పిన చోటే (31:13), వెంటనే తల్లిదండ్రుల మాట వస్తుంది. వాళ్లు షిర్క్ చేయమని బలవంతపెట్టినా ఆ ఒక్క విషయంలో వినకు, కానీ లోకంలో వాళ్లతో మంచిగా మసలుకో అని (31:15). బలవంతపెట్టే తల్లిదండ్రులతోనే అలా ఉండమంటే, దోసిలిపట్టి "యా అల్లా" అనే నానీతో ఎలా ఉండాలి?

ఇబ్రాహీం ప్రవక్త విగ్రహాలు పగలగొట్టాడని అందరికీ గుర్తుంటుంది. అంతకుముందు విగ్రహాలు కొలిచే తండ్రితో ఎలా మాట్లాడాడో గుర్తుండదు. మర్యం సూరాలో 42 నుంచి 45 దాకా నాలుగు ఆయత్‌లు. నాలుగింటిలోనూ ఆయన మాట "నాన్నా" అనే మొదలవుతుంది. యా అబతి, యా అబతి, యా అబతి, యా అబతి. తండ్రి రాళ్లతో కొడతా పొమ్మంటే ఆయన "మీకు శాంతి కలగాలి, మీ కోసం నా ప్రభువును క్షమాపణ వేడుకుంటాను" అన్నాడు (19:47). నేను పిల్లలకు ఈ ఆయత్‌లు చదివించేటప్పుడు ఆ "నాన్నా" దగ్గర గొంతు మెత్తబడాలని చెబుతాను. గట్టిగా చదివితే మళ్లీ చదివిస్తాను.

జయపురం_జ్యోతి
నూర్ గారూ, ప్రసాదం సంగతి కూడా చెప్పండి. రమణి గారు దానికే ఎక్కువ బాధపడ్డారు.

నూర్_దేగ్లూర్
అల్లా పేరు కాక ఇతరుల పేరున అర్పించినది తినొద్దని ఖురాన్‌లో ఉంది (2:173). అది ముఖ్యంగా కోసిన మాంసం గురించి. పళ్లు, మిఠాయిల మీద పండితుల్లో భేదాభిప్రాయాలున్నాయి, చాలామంది జాగ్రత్త కోసం మానేస్తారు. అది మీ మీద అసహ్యం కాదు, మీ చేతివంట మీద ఏవగింపూ కాదు. మా పక్కింటి వదిన చేసేది చెబుతాను. నైవేద్యం పెట్టకముందే ఒక గిన్నెలో మా వాటా తీసి పక్కన పెట్టేస్తుంది. అది ఉత్త వంట, ప్రసాదం కాదు. మా పిల్లలు ఆ గిన్నె కోసం గోడ దగ్గర కాచుకుని ఉంటారు.

పర్లాకిమిడి_మాస్టారు
దీనికి మన వైపు నుంచి కూడా దోషం లేదమ్మా. నివేదనకు ముందు ఎవరూ రుచి చూడకూడదు గానీ, తీసి విడిగా పెడితే ఇబ్బంది ఏముంది?

రాయగడ_రమణి
పది రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యమైంది.

నూర్ గారు రాసినది మొత్తం ఆ అబ్బాయికి ఫోన్‌లో చూపించాను. అరుగు మీద కూర్చుని చదివాడు. ఇబ్రాహీం గారి దగ్గర ఆగిపోయాడు. "ఇవి నాకు కంఠతా వచ్చు పిన్నీ" అన్నాడు, ఇంకేం అనలేదు. లేచి లోపలికి వెళ్లాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, తలుపు వేసి ఉంది.

గురువారం సాయంత్రం నానీ తెల్ల దుపట్టా కప్పుకుని బయటికొచ్చింది. వెనకే వాడు, ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని. నన్నూ రమ్మన్నారు. దర్గా దగ్గర వాడు లోపలికి వచ్చాడు, సమాధి వాళ్లకు సలాం చెప్పి, వాళ్ల కోసం ఫాతెహా (ఖురాన్ మొదటి సూరా) చదివాడు. ఏమీ అడగలేదు. నానీ ఎప్పటిలాగే దోసిలిపట్టింది. ఈసారి "బాబా సద్కాలో" అందో లేదో నాకు వినబడలేదు, పెదవులు మాత్రం చాలాసేపు కదిలాయి. తిరిగొచ్చేటప్పుడు వాడి భుజం పట్టుకుని నడిచింది. వాళ్లిద్దరూ ఇంకా ఒక్క మాట మీదకు రాలేదు. దారిలో కూడా దర్గా గురించే వాదించుకుంటున్నారు. కానీ మాట్లాడుకుంటున్నారు.

నిన్న శుక్రవారం మా ఇంట్లో పూజ. బూరెలు చేశాను. నైవేద్యం తీయకముందే పన్నెండు బూరెలు స్టీలు డబ్బాలో పెట్టి గోడ మీద పెట్టాను. "ఇవి పూజకు ముందే తీసినవిరా" అన్నాను. వాడు అక్కడే మూత తీసి, వేడిగా ఉందని రెండు చేతుల మధ్య మార్చుకుంటూ ఒకటి తినేశాడు. లోపల్నుంచి నానీ అరుస్తోంది, తనకు నాలుగు ఉంచమని.

ధర్మాబాద్_మిర్చి
నానీకి ఆరు ఉంచమనండి అక్కా.

సిరొంచ_శీను
రమణక్కా, ఈసారి పీర్ల పండుగకు మా ఊరు రా. నానీని కూడా తీసుకురా. మలీద మా ఇంట్లోనే చేస్తరు.